కినుయో పేరున కొట్టిన గంట

మియాకొ రేవు,
1986 నవంబరు

ఒసేయ్ తమకీ,

వేసవి నుంచి నీ ఉత్తరం లేదు. నువ్వు బతికే ఉన్నావని క్రీడల పేపరు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. మొన్న మా షెడ్డులో చేపల పేగులు చుట్టడానికి తెచ్చిన పాత కాగితాల్లో నీ ఫోటో కనిపించింది. అకితాలో, రింగులో, ఎవరినో జుట్టు పట్టుకుని ఈడుస్తున్నావు. నీ మొహం మీద పేగులు వెయ్యడానికి మనసొప్పక ఆ ముక్క చింపి దాచుకున్నాను. వేసినా పెద్ద తేడా ఉండేది కాదులే.

నా మెడ అలాగే ఉంది. ఎడమవైపు తిరగదు. ఎవరైనా అటు నుంచి పిలిస్తే బొంగరంలా ఒళ్ళంతా తిరగాలి. షెడ్డులో ఆడవాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఒకావిడ, ఒసాకి గారని, మనసు మంచిదే, రోజూ ఒకటే ప్రశ్న. "కినుయో, మళ్ళీ టోక్యో ఎప్పుడమ్మా?" మెడ కుదురుకోగానే అంటాను. మూడేళ్ళుగా ఇదే జవాబు. కుదురుకోదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. మరి మన కుస్తీ కంపెనీ పుస్తకంలో నా పేరు పక్కన ఇంకా 'విశ్రాంతిలో' అనే ఉందిగా. దాన్ని కాదనడానికి నేనెవర్ని?

నీకు తెలియనిదేముంది. మనలో రింగు వదిలిన ప్రతి పిల్లనీ దీపాల కింద నిలబెట్టి, పేరు పిలిచి, గంట పదిసార్లు కొట్టి పంపారు. పొగరుబోతు హరుమికి కూడా కొట్టారు, మొదటి ఏడాదే పారిపోబోయిన దానికి. నాకు మాత్రం నా బూట్లు యాపిల్ పళ్ళ అట్టపెట్టెలో పెట్టి పార్సిల్ పంపారు. గంట కొట్టందే మనం బయటికి వచ్చినట్టు కాదు కదా. అందుకే నేనింకా ఆ మూడు నియమాలూ పాటిస్తున్నాను. తాగను, పొగ ముట్టను, మగవాడి జోలికి పోను. నవ్వకు. చుట్టాల పెళ్ళిలో సాకె సారా పొయ్యబోతే గిన్నె బోర్లించాను. పడవల ఇంజన్లు బాగుచేసే కజివారా అని ఒకడున్నాడు, కాస్త నత్తి, చేతులు శుభ్రంగా ఉంచుకుంటాడు. అడిగాడు నన్ను. ఇంకా కంపెనీలోనే ఉన్నానని చెప్పాను. పిచ్చిదనుకుని ఉంటాడు.

ఫిబ్రవరిలో నీకు ఇరవై ఐదు నిండుతాయి, కంపెనీ లెక్కన ఇంటికి పంపే వయసు. నీకు గంట కొడతారు. అదే పూట నాకూ కొట్టమని ఒక్కసారి అడగగలవా? నేను బస్సెక్కి వచ్చి ఒక మూల నిలబడతాను. ఎవరి కాళ్ళూ పట్టుకోకు. ఊరికే అడుగు.

కినుయో

~

టోక్యో, కంపెనీ హాస్టలు,
డిసెంబరు

కినూ,

నా మొహం మీద పేగులు వెయ్యనందుకు నీ మేలు మరిచిపోను. ఆ ఫోటోలో నేను ఈడుస్తున్నది జుట్టు కాదు, సవరం. ఊడి చేతికొచ్చింది. జనం పడీ పడీ నవ్వారు. ప్రెసిడెంటు ఇవాబుచి గారు మాత్రం నవ్వలేదు.

మనిద్దరం దొర్లిన మూలలో ఇప్పుడు నేనొక్కదాన్నే పడుకుంటున్నాను. హాస్టల్లో అందరికంటే పెద్దదాన్ని నేనే. కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూసి గోడకి ఆనుకుని దారి ఇస్తారు. రింగులో కొడతానని భయం కాదు, ముసలిదాన్నని జాలి. యుకారి అని ఒకతె ఉంది. పద్దెనిమిదేళ్ళు. బడి పిల్లలు దాని పేరు రాసిన పట్టీలు నుదుటికి కట్టుకుని వస్తారు, దాన్ని చూడగానే భోరుమంటారు. ఏం చేసిందని ఏడుస్తారో తెలీదు, ఊరికే నిలబడుతుంది అంతే. మొన్న నా దగ్గరికొచ్చి, "అక్కా, నడుం నొప్పన్నారుగా, ఈ మందు పట్టీ మా అమ్మ పంపింది, వేసుకోండి" అంది. ఎంత వినయమో. చెంప పగలగొట్టాలనిపించింది. పట్టీ మాత్రం బాగా పనిచేసింది.

నువ్వడిగింది అడుగుతాను. కానీ ముందు నా గోడు విను. జనవరి అంతా ఊరూరా టోర్నమెంటు. ఎనిమిది మందిమి. చివరికి మిగిలిన నలుగురికీ ఫిబ్రవరిలో టోక్యోలో ఒకే సాయంత్రం సెమీఫైనల్సు, ఫైనలు. గెలిచినదానికి బెల్టు కోసం పోటీ పడే హక్కు. బెల్టు ఉన్నదాన్నీ, దానికి పోటీ పడేదాన్నీ ఇరవై ఐదు నిండినా ఇంటికి పంపరు. పోస్టరు మీద మొహం ఉన్న మనిషిని ఎలా పంపుతారు? గెలిస్తే ఇంకో ఏడాది ఉంటాను కినూ.

నాకు వెళ్ళాలని లేదు. నీ దగ్గర దాచడమెందుకు. తకసాకిలో అన్నయ్య పచ్చళ్ళ కొట్టు ఉంది, వదిన ఉంది. పొద్దున్నే లేచి ముల్లంగి ఉప్పులో తొక్కాలి, మధ్యాహ్నం వదిన దెప్పుళ్ళు వినాలి. పదిహేనేళ్ళప్పుడు ఆ ఇంట్లోంచి పారిపోయి వచ్చింది మళ్ళీ అక్కడే తేలడానికా? ఇక్కడ ఒళ్ళు హూనమైనా ఎవరో ఒకరు నా పేరు పెట్టి అరుస్తారు.

ఇవాబుచి గారిని మంచి సమయం చూసి అడుగుతాను. చలికి మెడ జాగ్రత్త. కజివారా గాడి చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో నీకెలా తెలుసో తర్వాతి ఉత్తరంలో రాయి.

తమకి

~

మియాకొ,
1987 జనవరి

తమకీ,

చేతులు దూరం నుంచి కూడా కనిపిస్తాయి. నోరు మూసుకో.

నువ్వు గెలవాలి. ఇది స్నేహం కొద్దీ అనడం లేదు. నీ మెడలాంటి మెడ మన బ్యాచ్‌లో ఎవరికీ లేదు. నువ్వు వెల్లకిలా వంగి మెడ మీద వంతెన వేస్తే నీ పొట్ట మీద ఇద్దరు పిల్లలు కూర్చుని అన్నం ముద్దలు తినేవాళ్ళు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. అదిమి పెట్టి నీ భుజాలు నేలకి ఆనించి ఉంచగలిగినదాన్ని నేనింతవరకు చూడలేదు.

మా షెడ్డులో మగవాళ్ళు ఒక్కోసారి నన్ను ఉడికిస్తారు. మీదంతా నాటకమటగా, ముందే మాట్లాడుకుంటారటగా అని. నేను పలకను. ఎలా పలుకుతాను, నాటకమే కదా. ఎవరు ఎంతసేపు దెబ్బలు తినాలో, ఎవరు తాళ్ళ మీంచి దూకాలో అన్నీ చెప్పే పంపేవారు. కానీ చివరి పట్టు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఆ ముసలాయన, ఇవాబుచి గారి నాన్న, కంపెనీ పెట్టినప్పుడు పెట్టిన పద్ధతి. రిఫరీ నేల మీద మూడు దెబ్బలు కొట్టేలోపు భుజం లేపగలిగితే లేపు, లేపలేకపోతే ఓడిపో. ఆ మూడు దెబ్బలూ ఎవరివి వాళ్ళవే. నీగాతాకి పోయే బస్సులో మనిద్దరం చిటికెన వేళ్ళు ముడేసుకుని ఒట్టు పెట్టుకున్నాం, ఎవరి కోసమూ, దేని కోసమూ ఊరికే పడుకోమని. నా మెడ పోయింది అక్కడే. రెండో దెబ్బ పడ్డాక లేపబోయి. ఆ రోజు ఊరికే పడుకుని ఉంటే ఈ రోజు ఎడమవైపు చూడగలిగేదాన్ని. అయినా బాధ లేదు. నాకు జరిగినవాటిలో నిజమైంది అదొక్కటే.

అందుకని, గెలువు. నా గంటకి తొందరేం లేదు. మూడేళ్ళు ఆగినదాన్ని ఇంకో ఏడాది ఆగలేనా.

కినుయో

~

సెందాయ్, సత్రం,
ఫిబ్రవరి మొదట్లో

కినుయోకి,

చలి ఎక్కువగా ఉంది. నువ్వు క్షేమమని తలుస్తాను.

ఇవాబుచి గారిని అడిగాను. ఒప్పుకున్నారు. టోక్యోలో ఆ సాయంత్రమే, ఫైనల్ అయిపోయాక నిన్ను రింగులోకి పిలిచి గంట కొడతారు. టికెట్టు ఇందులో పెట్టాను. నీ కంపెనీ జెర్సీ వేసుకుని రా. పిలిచేదాకా లోపలి గదుల్లోకి రావద్దని చెప్పారు, జనంలోనే కూర్చో.

ఎలా ఒప్పుకున్నారని అడక్కు. మంచి సమయంలో అడిగాను, అంతే. సెమీఫైనల్లో నాకు ఒనిజిమా తగిలింది. యుకారి అవతలి జంటలో ఉంది.

తప్పకుండా రా.

తమకి

~

మియాకొ,
ఫిబ్రవరి

తమకీ తమకీ,

సత్రంలో ఎవరైనా నీ భుజం మీంచి తొంగి చూస్తున్నారా? మా బడి హెడ్మాస్టరు కూడా అంత బిగుసుకుని రాసేవాడు కాదు. పోనీ, నీ నోట్లో చక్కెర పొయ్య. ఉత్తరం చదివి షెడ్డులో కత్తి కింద పడేసి ఏడ్చాను. ఒసాకి గారు ఎవరు పోయారని కంగారు పడింది. ఎవరూ పోలేదు, నన్నే పంపిస్తున్నారని చెప్పాను.

అమ్మ జెర్సీ ఉతికి పొయ్యి పక్కన ఆరేసింది. ఛాతీ దగ్గర బిగుతైంది. చేపలు తిని లావయ్యాను, జిప్పు సగం దాకానే వస్తోంది, అదీ చూసుకుని నవ్వుకుంటున్నాను. గంట కొట్టేటప్పుడు ఎటు చూడాలో మరిచిపోయాను. నేలకేసే కదా?

నువ్వు గెలిచిన చేత్తోనే నన్ను పైకి లాగు. అప్పుడు నువ్వు ఏడిస్తే మాత్రం తంతాను.

నీ కినూ

~

మియాకొ,
ఫిబ్రవరి చివర

తమకి గారికి,

మీరు పంపిన టికెట్టుకి కృతజ్ఞతలు. మంచి సీటే. రింగు మూల నుంచి అన్నీ కనిపించాయి. కనిపించకుండా ఉంటే బాగుండేది.

నా పక్కన ఇద్దరు బడిపిల్లలు, యుకారి పట్టీలు కట్టుకున్నవాళ్ళు. నా జెర్సీ చూసి మీరు పాత కుస్తీ అక్కా అని అడిగి, కమలాపండు ఒలిచి ఇచ్చారు. మొదటి మ్యాచ్‌లో కొత్త పిల్లలు, రింగెక్కేటప్పుడు పాటా లేదు, రంగు బట్టలూ లేవు, మామూలు ఈత దుస్తుల్లో ఒకర్నొకరు చెంపలు వాయించుకున్నారు. దెబ్బ చప్పుడు పైవరసల దాకా వినిపించింది. పొట్టిగా ఉన్నది ఓడిపోయి, గెలిచినదానికి వంగి దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ మీ మ్యాచ్ కోసం తాళ్ళు తుడిచింది. మన కాలమే గుర్తొచ్చింది. అప్పటిదాకా నేను సంతోషంగానే ఉన్నాను.

తర్వాత మీరూ ఒనిజిమా. ఆవిడ వెదురుకర్రతో మీ నుదురు చీల్చింది. కళ్ళలోకి రక్తం. పైన ఎక్కి కూర్చుని రెండు భుజాలూ అదిమింది. ఎంత బరువో నాకు తెలుసు, నేనూ ఆవిడ కింద నలిగినదాన్నే. రెండో దెబ్బ పడింది. అప్పుడు మీరు మడమలు కిందికి లాక్కుని, మెడ మీద లేచి, ఆ కొండలాంటి మనిషిని అలాగే పైకెత్తి అవతలికి విసిరారు. నేను కుర్చీ ఎక్కి నిలబడి అరిచాను. పక్క పిల్లలు భయపడ్డారు. నా తమకి అని చెప్పాను వాళ్ళకి. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అవతలి సెమీఫైనల్లో యుకారి సునాయాసంగా గెలిచింది. విరామం. తర్వాత ఫైనల్. మ్యాచ్ బాగుంది, కాదనను. దాని కాళ్ళకి మీరు వేసిన పట్లు చూసి హాలంతా మూలిగింది. చివరికి ఆ పిల్ల వెనక నుంచి మిమ్మల్ని ఎత్తి పడేసి, కాళ్ళు మడిచి మీద పడింది. రిఫరీ ఒకటి కొట్టాడు. నేను మీ మడమల కేసి చూస్తున్నాను. మిగతా జనం మొహాలు చూస్తారు, మనం మడమలు చూస్తాం. రెండు కొట్టాడు. మీ మడమలు కదల్లేదు. మెడ లేవలేదు. ఒనిజిమాని ఎత్తిన మనిషికి, దానిలో సగం బరువు లేని పిల్లని ఎత్తడం చేతకాలేదా? మూడో దెబ్బ పడేదాకా పక్క మీద పడుకున్నట్టు పడుకున్నారు.

జనం విసిరిన రంగు కాగితపు చుట్టలు వాన పడ్డట్టు రింగులో పడ్డాయి. పక్క పిల్ల నన్ను చూసి, "ఏడుస్తున్నారే, మీరు తమకి అభిమానా?" అంది. ఇందాకటి దాకా, అని చెప్పి లేచాను.

మెట్ల మీద ఉండగా మైకులో నా పేరు వినిపించింది. రెండుసార్లు పిలిచారు. వెనక్కి తిరగలేదు. ఊరికే పడుకున్న మనిషి పక్కన నిలబడి గంట కొట్టించుకుంటే, నేను మెడ విరగ్గొట్టుకున్నది ఎందుకో నాకే అర్థం కాకుండా పోతుంది. ఉఎనో స్టేషన్లో బండి ఎక్కేముందు గ్లాసు సాకె కొనుక్కుని తాగాను. చేదుగా ఉంది. నన్ను నేనే పంపించుకున్నాను, ఇంక మీ కంపెనీ గంటతో పని లేదు.

మీకు ఏం దొరికిందో నేనడగను. కోచ్ పనో, టీవీలో పనో, ఏదో ఒకటి ఇచ్చే ఉంటారు. మంచి ధర పలికిందని ఆశిస్తాను.

కినుయో

~

టోక్యో,
మార్చి

కినూ,

నన్ను మీరు, గారు అంటావా? బూతులు తిట్టినా ఇంత మండేది కాదు.

ఏం దొరికిందో చెబుతాను విను. నీ గంట దొరికింది. సెందాయ్‌లో ఇవాబుచి గారిని అడిగితే ఆయన టీ తాగుతూ, నింపాదిగా, "ఫైనల్లో నువ్వు గెలిస్తే అది పండగ రాత్రి తమకీ, పండగ రాత్రి ఎవరికైనా సెలవు గంట కొడతామా? యుకారి గెలిస్తే నీకెలాగూ కొట్టాలి, దాంతోపాటే కినుయోకీ కొట్టిస్తా" అన్నారు. అంతే. పడుకోమని అనలేదు. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి ఆయన నోటితో తప్పరు. నేను ఆలోచించుకుంటానని కూడా అనలేదు. సరేనండీ అని తల ఊపి వచ్చేశాను. అందుకే ఆ ఉత్తరం అంత బిగుసుకుని ఉంది.

నాకు ఇంకో ఏడాది ఉండాలని ఎంత ఉందో నీకు రాశాను కదా. అది వదులుకున్నాను. నువ్వు పెళ్ళి విందులో గిన్నె బోర్లించావని చదివి, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఎవడో మంచివాడు అడిగితే ఇంకా కంపెనీలో ఉన్నానని చెప్పి పంపేశావు. ఆ ముడి ఎవరో ఒకరు విప్పాలి కదా. నీ కోసం పడుకున్నాను. నువ్వేమో మెట్లు దిగి వెళ్ళిపోయావు.

ఏం జరిగిందో తెలుసా? నా తలకి గుడ్డ చుట్టి రింగు మధ్య నిలబెట్టారు. నీ పేరు పిలిచారు. జనం అటూ ఇటూ చూశారు. మళ్ళీ పిలిచారు. నీ సీట్లో కమలాపండు తొక్కలు ఉన్నాయి. ఇవాబుచి గారు కింద నుంచి సైగ చేశారు, టీవీ వాళ్ళకి టైం అయిపోతోందని. ఇద్దరి పేర్లూ చదివి గంట కొట్టేశారు. నీ వంతు చోటు వదిలేసి ఒక పక్కకి నిలబడ్డాను. ఏడవలేదు, తంతానన్నావుగా. తన్నడానికి ఎవరూ లేరు.

నేను ఒట్టు తప్పాను, నిజమే. నీ కోసం తప్పాను. కాస్త కోపం తగ్గాక ఒక్క మాట రాయి.

తమకి

~

మియాకొ,
ఏప్రిల్

తమకీ,

మీరు అనడం మానేస్తున్నాను. అంతకుమించి ఏమీ ఆశించకు.

నీ ఉత్తరం చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. నీ స్వార్థానికి పడుకున్నావనుకున్నప్పుడు నీ ఒక్కదాన్నే అసహ్యించుకున్నాను. ఇప్పుడు ఆ పనిలో నా పేరు కూడా కలిపావు. కాళ్ళు పట్టుకోవద్దన్నాను, నువ్వు భుజాలే నేలకి ఆనించావు. నన్నొక్క మాట అడిగావా? అడిగితే వద్దంటానని తెలిసే అడగలేదు. ఉత్తరంలో దాచి, టికెట్టు పంపి, మంచి సీట్లో కూర్చోబెట్టి మరీ చూపించావు.

నాకు మిగిలింది ఆ మూడు దెబ్బలే అని రాశానా లేదా? వాటిని అమ్మి నాకు గంట కొనిచ్చావు. అలాంటి గంటని నేనేం చేసుకోను?

ఊళ్ళో మాత్రం గంట కొట్టారని చెప్పాను. ఒసాకి గారు శుభానికని ఎర్ర అన్నం వండి పంపింది. శరదృతువులో కజివారాతో పెళ్ళి. ఇదంతా నీ వల్లే జరిగిందనుకో, నీ ఇష్టం. పెళ్ళికి నిన్ను పిలవడం లేదు. నీ మొహం చూస్తే ఆ కదలని మడమలే కనిపిస్తాయి, నా పెళ్ళి రోజున అవి చూడదలుచుకోలేదు.

కినుయో

~

తకసాకి, పచ్చళ్ళ కొట్టు,
మే

కినూ,

పెళ్ళి కబురు సంతోషం. నిజంగానే అంటున్నాను. పిలవకపోవడం కూడా న్యాయమే.

ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. వదిన పెద్దగా దెప్పడం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఊరుకుందామనుకున్నాను. నువ్వు నన్ను అమ్ముకున్నదానిగా చూసినా, నీ కోసం అమ్ముకున్నానని ఒక మంచి మాట నా వైపు ఉంటుందిగా, అది చాలనుకున్నాను. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ మంచి మాటే నా గొంతులో ముల్లులా ఉంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

ఫైనల్లోకి వెళ్ళేటప్పుడు పడుకుందామనే వెళ్ళాను. ఆ మాట నిజం. యుకారి నన్ను ఎత్తి పడేసి మీద పడేదాకా మనసులో అదే ఉంది. ఇక ఇలాగే ఉండిపోతే అయిపోతుంది అనుకున్నాను. రిఫరీ ఒకటి కొట్టాడు. ఆ చప్పుడు చెవి పక్కనే పడేసరికి ఏమైందో తెలీదు, నాకు గెలవాలనిపించింది. నీ గంట గుర్తు లేదు. నువ్వు హాల్లో ఉన్నావన్న సంగతే గుర్తు లేదు. ఇవాబుచి గారికి ఇచ్చిన మాటా లేదు, నువ్వు బోర్లించిన గిన్నే లేదు. ఇంకో ఏడాది కావాలి, ఈ పిల్లని నా మీంచి విసిరెయ్యాలి, అంతే. నిన్ను అక్కడే వదిలేశాను కినూ. నువ్వు మెట్లు దిగడానికి ముందే నేను నిన్ను వదిలేశాను.

ఉన్న బలమంతా పెట్టి లేపాను. పళ్ళు ఎంత బిగించానంటే వెనకది ఒకటి విరిగింది, ఇప్పటికీ అటువైపు నమలలేను. మడమలు లాక్కోమని కాళ్ళకి చెప్పాను, కాళ్ళు వినలేదు. ఒనిజిమాని ఎత్తినప్పుడే మెడలో ఏదో అయిపోయి ఉంటుంది, లేదా ఎప్పటి నుంచో అయిపోతూ ఉండి నేనే చూసుకోలేదేమో. యుకారి అదనంగా ఏమీ చెయ్యలేదు. సరిగ్గా పట్టుకుంది. ఒనిజిమాలో సగం బరువు లేని పిల్ల సరిగ్గా పట్టుకుంటే లేవలేకపోయాను. లోపలి గదిలోకి వెళ్ళాక అది నా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "అక్కా, నాకోసం మీరు తగ్గలేదు కదా" అని అడిగింది. లేదన్నాను. నమ్మలేదు. దాని కళ్ళలో నీలాంటి చూపే ఉంది.

టీవీలో మళ్ళీ వేసినప్పుడు నేనూ చూశాను. అన్నయ్య పిల్లలు పెట్టారు. నువ్వు రాసినట్టే ఉంది. మడమలు కదల్లేదు, మెడ లేవలేదు, పక్క మీద పడుకున్నట్టే ఉన్నాను. చూస్తున్న నాకే నమ్మకం కలగలేదు. అదే నా మొత్తం బలమని చెబితే ఎవరు ఒప్పుకుంటారు?

నీ కోసం పడుకున్నానని నీకు రాసినప్పుడు సిగ్గుపడలేదు. అలా రాస్తే నేను కావాలంటే లేవగలిగేదాన్నే అని అర్థం వస్తుంది కదా. నువ్వు తిట్టిన తిట్లన్నీ కూడా తీపిగానే ఉన్నాయి, ఎందుకంటే అవన్నీ లేవగలిగిన తమకిని తిట్టినవి.

ద్రోహినని అను, పడతాను. గంట కోసం బేరానికి ఒప్పుకుని నీకు ఒకసారి, గెలవాలని నిన్ను మరిచిపోయి ఇంకోసారి, రెండుసార్లు చేశాను. అమ్ముకున్నానని మాత్రం అనకు. అప్పటికి అమ్మడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

తమకి